ఇండుప గింజ పేరు చెబితే నీళ్లు తేరవు

మొన్న శనివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద జరిగిన చిన్న సంవాదం ఈ టపాకు మూలం. పక్కింటి అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పించుకోవడానికి అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. ఆనాడు తెలుగు వాచకానికి బదులు రసాయనశాస్త్రం నోటు పుస్తకం తెచ్చింది.

"తాతగారూ, అవక్షేపం అంటే ఏమిటండీ? తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది అని రాసుకున్నాం గానీ అదేమిటో నాకు తెలియలేదు" అంది.

నేను నోరు విప్పే లోపల, బెంగుళూరు నుంచి సెలవు మీద వచ్చిన మా తమ్ముడి కొడుకు పకాలున నవ్వాడు. "చూశారా పెదనాన్నగారూ, ఇదీ మీ తెలుగు! అవక్షేపమట. ఎవరో ఎవరినో ఆక్షేపించినట్టుంది. ప్రెసిపిటేట్ అంటే ఒక్క ముక్కలో తేలిపోయేది కదా."

"అయితే నువ్వు చెప్పు నాయనా, ప్రెసిపిటేట్ అంటే ఏమిటి?" అన్నాను.

"అదే... తెల్లగా వస్తుంది. ప్రెసిపిటేట్" అన్నాడు. ఆ పిల్ల కూడా అంతవరకే చెప్పగలిగింది. ఒకరు ఆంగ్లంలో, ఒకరు తెలుగులో; ఇద్దరి దగ్గరా పేరుంది, పదార్థం లేదు. అతడు ఇంజనీరింగు పట్టభద్రుడు, ఆమె పదో తరగతి అన్న తేడా కూడా అక్కడ కనిపించలేదు.

అప్పటికి నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పుకుని బతికినవాణ్ణి గనుక నేను తెలుగు పక్షాన కత్తి దూస్తానని ఎదురుచూసే మిత్రులకు ముందే మనవి: ఈ టపాలో రెండు పక్షాలకూ దెబ్బలున్నాయి. పెద్ద దెబ్బ నాకే.

మొదట మాట సంగతి తేలుద్దాం.

'క్షిప్' అనే ధాతువుకు విసరడం, పడవేయడం అని అర్థం. 'అవ' అనే ఉపసర్గ కిందికి అనే భావాన్నిస్తుంది. అవరోహణంలో, అవతారంలో ఉన్నది అదే. అవక్షేపమంటే కిందికి పడవేయబడినది. తేటగా ఉన్న రెండు ద్రావణాలను కలిపినప్పుడు నీటిలో కరగని కొత్త పదార్థం ఒకటి పుడుతుంది. నీరు దానిని తనలో ఉంచుకోలేదు, కిందికి దించేస్తుంది. సమీకరణంలో ఆ పదార్థం పక్కన కిందికి చూసే బాణం గుర్తు వేస్తారు. ఆ బాణానికి అక్షరరూపం ఇస్తే 'అవ' అవుతుంది. ఇంతకంటె చక్కని పేరు ఏ భాషలో ఉంది? మావాడు మెచ్చుకున్న ఆంగ్లపదానికి మూలమైన లాటిన్ మాటలోనూ తలకిందులుగా పడడమనే భావమే ఉంది. మనవాళ్లూ వాళ్లూ ఒకే దృశ్యం చూసి పేరు పెట్టారు.

పైగా మావాడు ఎగతాళికి అన్న 'ఆక్షేపణ' నిజంగానే దీనికి చుట్టం. ఆక్షేపం, నిక్షేపం, సంక్షేపం, ప్రక్షిప్తం అన్నీ ఆ క్షిప్ ధాతువు సంతానమే. కావ్యంలో ఎవరో తెచ్చి పడేసిన పద్యం ప్రక్షిప్తం; భూమిలో పాతిపెట్టింది నిక్షేపం; నీళ్లలో అడుగుకు దిగింది అవక్షేపం. ఈ నాలుగు మాటలూ చెబితే ఆ పిల్లకు అయిదు నిమిషాల్లో అర్థమైంది. అంటే కష్టం మాటలో లేదు. మాటను విప్పి చెప్పే మనిషి లేకపోవడంలో ఉంది.

'ఇంగ్లీషులో అయితే గుర్తులు సులువు' అంటారు మరికొందరు. మూలకాలకు అక్షరాల గుర్తులు పెట్టే పద్ధతిని 1813-14 ప్రాంతంలో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ప్రతిపాదించాడు. ఆయన లాటిన్ పేర్లు తీసుకున్నాడు. సోడియం గుర్తు నేట్రియం నుంచి, పొటాషియం గుర్తు కేలియం నుంచి, సీసం గుర్తు ప్లంబం నుంచి, వెండి గుర్తు అర్జెంటం నుంచి వచ్చాయి. లండనులో పుట్టిన పిల్లవాడికీ ఇవి పరాయివే. వాడూ మన పిల్లల్లాగే నేర్చుకోవాలి.

తెలుగులో రసాయనశాస్త్రం నిన్న మొన్న పుట్టిన ముచ్చటా కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలకూ తెలుగులో పుస్తకాలు వేయించారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. వారి శ్రమకు చేతులెత్తి మొక్కుతాను.

అయితే పరిభాషలో అన్నీ అవక్షేపమంత పొందికగా కుదరలేదు. ఆ మాట పండితుడే చెప్పాలి. రెండు పదార్థాలు తమ భాగాలను ఇచ్చిపుచ్చుకునే చర్యకు పాఠ్యపుస్తకాల్లో 'ద్వంద్వ వియోగం' అని పేరు. అంతకు ముందే, ఒక పదార్థం విడిపోయి రెండు మూడు కావడానికి 'రసాయన వియోగం' అని పేరు పెట్టి ఉన్నారు. ఇక పిల్లవాడు ఏమనుకోవాలి? రెండు విడిపోవడాలు అనుకుంటాడు. విడిపోయినవి మళ్లీ జత మార్చుకుని కలిశాయన్న అసలు కథ ఆ పేరులో లేనే లేదు. 'పరస్పర వినిమయం' అంటే ఏం పోయింది? 'క్రియాజనకాలు, క్రియాజన్యాలు' అన్న జంట కూడా ఇంతే. జనకమంటే పుట్టించేది, జన్యమంటే పుట్టేది అని ఒక్కసారి చెప్పకపోతే, ఒక్క అక్షరం తేడాలో పిల్లలు ఏడాది పొడవునా తడబడుతూ ఉంటారు. ఇవి దిద్దుకోదగ్గ తప్పులు. వీటిని ఎత్తి చూపితే తెలుగుకు ద్రోహం చేసినట్టు మాట్లాడే భాషాభిమానులను నేను ఎరుగుదును.

ఇప్పుడు ఆ పిల్ల నోటు పుస్తకంలోకి వద్దాం. అక్కడ ఉన్నది ఇది. సంకేతాలకు కింద వేసే చిన్న అంకెలు వేయడం నా మీటల పలకకు చేతకాదు కనుక మాటల్లోనే రాస్తున్నాను:

బేరియం క్లోరైడు + సోడియం సల్ఫేటు → బేరియం సల్ఫేటు ↓ + 2 సోడియం క్లోరైడు

"చివర ఆ రెండు ఎందుకమ్మా?" అన్నాను. "దీనికి ఒకటి, ఒకటి, ఒకటి, రెండు అని గుర్తు పెట్టుకోమన్నారండీ" అంది. మిగిలిన సమీకరణాలకూ అలాగే అంకెల వరసలు పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుని ఉంది, ఎక్కాల పుస్తకంలాగ. వెండి లవణానికి ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. సీసం నైట్రేటు, పొటాషియం అయొడైడులకు ఒకటి, రెండు, ఒకటి, రెండు. అర్థం తెలియని పద్యాన్ని వల్లె వేయడం పాపమని నేను జీవితమంతా మొత్తుకున్నాను. ఇది అంతకంటె అన్యాయం. పద్యానికి కనీసం నడక ఉంటుంది.

నాకు తెలిసిన విద్య వ్యాకరణం. అందుచేత వ్యాకరణంతోనే చెప్పాను.

"పంచపాండవులు ఏ సమాసం?" "ద్విగు సమాసమండీ." "అందులో సంఖ్య ఎంత?" "అయిదు." "నాకు పదిమంది కావాలి. ఏం చేస్తాను? దశపాండవులు అని రాయనా?" ఆ పిల్ల నవ్వింది. "అలా రాస్తే భారతమే మారిపోతుంది కదండీ." "మరేం చెయ్యాలి?" "నాటకాల వాళ్లయితే రెండు జట్లు పిలవాలండీ."

అంతే. సంకేతంలో కింద ఉండే చిన్న అంకె ద్విగు సమాసంలోని సంఖ్య వంటిది. అది పదార్థపు స్వరూపం. దాన్ని మారిస్తే పదార్థమే మారిపోతుంది. సంకేతానికి ముందు వేసే పెద్ద అంకె ఎన్ని జట్లు అన్నది చెబుతుంది. సమీకరణాన్ని తుల్యం చేసేటప్పుడు మనకు స్వేచ్ఛ ఉన్నది ఈ రెండో దానిలోనే. సోడియం సల్ఫేటు ఒక్కొక్క దానిలో సోడియంలు రెండు. బేరియం క్లోరైడు ఒక్కొక్క దానిలో క్లోరిన్లు రెండు. ఉప్పులో మాత్రం సోడియం ఒకటి, క్లోరిన్ ఒకటి. ఎడమవైపు రెండేసి ఉన్నవి కుడివైపు ఒక్కొక్కటి ఎలా అవుతాయి? మిగతావి ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, ఉప్పు రెండు జట్లుగా పుట్టింది. అందుకే ఆ రెండు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దానిని మాష్టార్లు చెప్పరు. 'సోడియం సల్ఫేటు' అన్న పేరులో రెండు అన్న సంఖ్య వినపడదు. మా వ్యాకరణ భాషలో అది లుప్తమైంది. సంకేతం చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి పేరు చూసి తుల్యం చేయబోయిన పిల్లవాడు తప్పక బోర్లా పడతాడు. ఆంగ్లంలో చదివినవాడూ అంతే, ఎందుకంటే అక్కడా పేరు అదే.

'కంటికి ఇంపుగా రెండువైపులా సమం చేయడం' కాదు ఈ లెక్క ఉద్దేశం. 1789లో తన రసాయన గ్రంథంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లవోజియే, చర్యకు ముందూ తరవాతా ద్రవ్యం మొత్తం ఒక్కటేనని స్థాపించాడు. మన పుస్తకాల్లో అది ద్రవ్య నిత్యత్వ నియమం. ఆ పెద్ద అంకెల వెనుక ఉన్నది ఈ నియమమే. లవోజియే సంగతి నాబోటివాడికి మరొకందుకు ఇష్టం. అంతకు రెండేళ్ల ముందు, 1787లో, ఆయనా సహచరులూ రసాయన పదార్థాల పేర్లను సంస్కరించే పుస్తకం వేశారు. భాషను బాగుచేద్దామని మొదలుపెడితే అది శాస్త్రగ్రంథమైపోయిందని తన పీఠికలో ఆయన చెప్పుకున్నాడు. ఆధునిక రసాయనం ఒక విధంగా నామపద ప్రకరణంతో మొదలైందన్న మాట! అయితే ఆయన బల్ల మీద నిఘంటువుతో పాటు త్రాసు కూడా ఉంది. ఆ త్రాసును మనం మరిచిపోయాం.

ఆ పిల్ల ఇప్పుడు సమీకరణాలు సొంతంగా తుల్యం చేయగలుగుతోంది. నేను గర్వపడి ఇక్కడితో ఆపేస్తే ఈ టపా మావాడి మీద విజయగాథ అయ్యేది. కానీ చెప్పవలసింది మరొకటి ఉంది. ఇది నా తప్పు.

1990లలో నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు ఉద్యోగం కొన్నాళ్లు ఖాళీగా ఉంది. ఖాళీ పీరియడులో పిల్లలు అల్లరి చేయకుండా ఉండాలని ప్రధానోపాధ్యాయులు నన్ను ఆ తరగతికి పంపేవారు. నేను పుస్తకం చదివించి, మాటలకు వ్యుత్పత్తులు చెప్పేవాణ్ణి. అవక్షేపానికి పైన రాసినదంతా అప్పుడూ చెప్పాను. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. యూనిట్ పరీక్షలో 'అవక్షేపం పాత్ర ____ చేరుతుంది' అని ఖాళీ ఇచ్చాను. జవాబు 'అడుగుకు'. ఒక పిల్లవాడు 'పైకి' అని రాశాడు. అర మార్కు కొట్టేశాను.

వాడు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, మా పెనంలో పైకే తేల్తాదండి. సున్నం ఏసినాక పైకొచ్చేస్తే మా అయ్య గరిటెట్టి తీసేత్తాడండి" అన్నాడు.

అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ల గురించి తెలియనివారికి ఒక మాట. మాది దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది. చెరకు కాలంలో గానుగ ఆడి, రసాన్ని పెద్ద పెనాల్లో కాచి, పాకం తీసి దిమ్మలు పోస్తారు. ఆ పిల్లవాడి తండ్రి పెనం కాసే మనిషి.

"పెనం సంగతి పెనం దగ్గర. పుస్తకంలో అడుగు అని ఉంది, అడుగు అని రాయి" అన్నాను. వాడు మారుమాటాడకుండా వెళ్లి కూర్చున్నాడు. మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు. ఆ మరుసటి ఏడు వాడు బడికి రాలేదు. ఎందుకు మానేశాడో నాకు తెలియదు. నా ఒక్క మాటే కారణమనుకోవడం కూడా ఒక విధమైన అహంకారమే. అయినా ఆ ముఖం మరపునకు రాదు.

చాలా ఏళ్ల తరవాత ఒక మిత్రుని పొలంలో పెనం దగ్గర కూర్చున్నప్పుడు అసలు సంగతి కళ్లారా చూశాను. చెరకు రసానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. అందులో ఫాస్ఫేట్లు కరిగి ఉంటాయి. సున్నం వేస్తే ఆమ్లగుణం తగ్గుతుంది, కాల్షియం ఫాస్ఫేటు కరగని ముద్దగా విడివడుతుంది. సరళంగా రాస్తే ఇదీ:

3 కాల్షియం హైడ్రాక్సైడు + 2 ఫాస్ఫారికామ్లం → కాల్షియం ఫాస్ఫేటు ↓ + 6 నీరు

ఆ ముద్ద రసంలోని మట్టినీ మలినాలనూ తనతో చుట్టబెట్టుకుంటుంది. బెండకాడల జిగురు వేస్తే మరింత బాగా గడ్డకడుతుంది. కాగుతున్న రసంలో లేచే బుడగలు ఆ ముద్దలకు అంటుకుని వాటిని పైకి మోసుకొస్తాయి. అదే తెట్టు. గరిటతో దానిని తీసేస్తారు. చక్కెర మిల్లులో అయితే సున్నం వేసి వేడి చేసిన రసాన్ని కదలకుండా పెద్ద తొట్టెలో తేరనిస్తారు. అక్కడ అదే మలినం మడ్డిగా అడుగుకు దిగుతుంది. మా తుమ్మపాల మిల్లు నడిచిన రోజుల్లో ఆ మడ్డి పొలాలకు ఎరువుగా పోయేది.

అంటే పుస్తకమూ నిజమే, పిల్లవాడూ నిజమే. ఒకే అవక్షేపం, మిల్లు తొట్టెలో కిందికి, పెనంలో పైకి. 'ఎందుకు పైకి వచ్చింది?' అని నేను ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ తరగతి మొత్తానికి ఏడాది సరిపడా రసాయనశాస్త్రం దొరికేది. నా వ్యుత్పత్తి నా కళ్లకే అడ్డం పడింది. 'అవ' అంటే కిందికి కాబట్టి పదార్థం కిందికే పోవాలని ప్రకృతికి ఆజ్ఞ వేసినవాణ్ణి నేను. ఇండుప గింజను అరగదీసి కలిపితే బురదనీళ్లు తేరుతాయి గాని దాని పేరు జపిస్తే తేరవన్న ఉపమానం సంస్కృతం చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆ ఉపమానాన్ని పాఠం చెప్పిన నోటితోనే నేను పేరు జపం చేయించాను.

ఇక ఇద్దరు ప్రతివాదులనూ ఒకే బోనులో నిలబెడతాను.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమమే ఉండాలంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ నెలల్లో రాష్ట్రమంతా మాధ్యమం గురించే మాట్లాడింది. నేనూ మాట్లాడాను, సంతకాలూ పెట్టాను. తరవాత ఒక పుట ఆంగ్లం, ఎదుటి పుట తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఆ పిల్ల దగ్గర ఉన్నదీ అలాంటిదే. ఆ పుటలో ప్రెసిపిటేట్, ఈ పుటలో అవక్షేపం. రెండు పుటల మధ్యా పరీక్షనాళిక లేదు.

ఆంగ్ల పక్షం వారిని అడుగుతున్నాను. మాధ్యమం మారిస్తే సైన్సు వస్తుందన్నారే, మీ పిల్లలు చదివే బడుల్లో బేరియం సల్ఫేటు తెల్లదనాన్ని చూసిన పిల్లలు ఎందరు? మీరు కొన్నది భాషా కాదు, శాస్త్రమూ కాదు. ఉచ్చారణ మాత్రమే.

తెలుగు పక్షం వారిని, అంటే నన్నూ నా మిత్రులనూ అడుగుతున్నాను. 'మాతృభాషలో అయితే పిల్లలు ఆలోచిస్తారు' అని సభల్లో చెబుతాం. మాతృభాషలో ఆలోచించి మన దగ్గరకు వచ్చిన పిల్లవాడికి అర మార్కు కోశాం. వాడి మాతృభాష 'పైకే తేల్తాదండి'. మనం వాడికి పెట్టింది దేవభాష. మన పరిభాష పెనం దగ్గర నిలబడి పెనం భాష విన్నప్పుడే తెలుగు అవుతుంది. తెట్టు, మడ్డి, తేట అన్న మూడు మాటలు ఈ విషయమంతటికీ సరిపోయే అచ్చ తెలుగు మాటలు. పుస్తకంలో అవక్షేపం పక్కన వాటికి ఒక్క పంక్తి చోటు దొరకలేదా?

'రసాయనాలు ఖరీదు, పైగా ప్రమాదం' అని సమాధానం వస్తుందని తెలుసు. నిజమే. సీసం లవణాలు, కరిగే బేరియం లవణాలు విషాలు. వాటిని పిల్లల చేతికివ్వమని నేను అనను. మాష్టారే బల్ల మీద చేసి చూపవచ్చు. అదీ వద్దంటే సున్నం ఉంది కదా. మన భాషలో ఆ ద్రావణానికి ఎంత ముద్దు పేరు ఉందో చూడండి: సున్నపు తేట.

ఆదివారం ఉదయం అదే చేశాం. శనివారం రాత్రి సీసా నీళ్లలో సున్నం కలిపి కదపకుండా ఉంచాను. తెల్లవారేసరికి పైన తేట నిలిచింది. దాన్ని వంచి రెండు గాజు గ్లాసుల్లో పోశాను. కళ్లకు తగలకుండా, పొరపాటున పీల్చకుండా జాగ్రత్త చెప్పి, ఆ పిల్లను గొట్టంతో మెల్లగా ఊదమన్నాను. తేట పాలలా తెల్లబడింది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేటు అయింది. "ఇక్కడ ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటే వస్తుందండీ" అని ఆ పిల్ల తానే లెక్క చూసి చెప్పింది.

రెండో గ్లాసులో పటిక నీళ్లు పోశాం. దూది పింజల్లాగ తెల్లని తునకలు పుట్టి మెల్లమెల్లగా దిగాయి. పటికలోని అల్యూమినియం సల్ఫేటు భాగం మాత్రం తీసుకుంటే:

అల్యూమినియం సల్ఫేటు + 3 కాల్షియం హైడ్రాక్సైడు → 2 అల్యూమినియం హైడ్రాక్సైడు ↓ + 3 కాల్షియం సల్ఫేటు

ఒకటి, మూడు, రెండు, మూడు. దీన్ని వల్లె వేయకుండా తుల్యం చేయడానికి ఆ పిల్లకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ మావాడు కుర్చీ దగ్గరకు జరుపుకుని చూస్తూ కూర్చున్నాడు. ఎగతాళి చేయలేదు.

అప్పుడు వాళ్లిద్దరికీ నల్లగొండ కథ చెప్పాను. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడు ఎన్ని వేలమంది ఎముకలను వంచిందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు ఆ నీటికి పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి శుద్ధి చేసే పద్ధతి రూపొందించారు. పైన చెప్పిన దూది పింజలే ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దించుతాయి. దానికి లోపాలూ ఉన్నాయి: అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పోయాలన్నది ఒక సమస్య, పటిక పాళ్లు తప్పితే నీటిలో అల్యూమినియం మిగలడం మరొకటి. అయినా ఆ పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. ఆఫ్రికాలో టాంజానియా వంటి దేశాల్లోనూ వాడి చూశారు. ఒక తెలుగు జిల్లా పేరు మోస్తున్న అవక్షేపణ చర్య ఇది. పాళ్లు తప్పితే ఏమవుతుందో తెలిశాక, తుల్యం చేయడం నాలుగు మార్కుల ముచ్చటగా ఆ పిల్లకు కనబడదు. నాకూ కనబడలేదు.

నా కోరికలు మూడే. పరీక్షలో అంకెల ఖాళీలతో పాటు 'నువ్వు ఏం చూశావు?' అనే ప్రశ్న ఒకటి ఉండాలి. 'ద్వంద్వ వియోగం' వంటి మాటలను దిద్దడానికి తెలుగు పండితుడూ సైన్సు మాష్టారూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ బల్ల దగ్గరకు పెనం కాసే మనిషినీ పిలవాలి. మూడోది, తాళం వేసిన సైన్సు బీరువా తెరవాలి. అందులో ఏమీ లేకపోతే ఒక సేరు సున్నం, గుప్పెడు పటిక చాలు.

తేట తెలుగు అని గొప్పగా చెప్పుకుంటాం. మడ్డి దిగనిస్తేనే పైన తేట నిలుస్తుంది. ముందు సున్నం కలపాలి, తరవాత ఓపిక పట్టాలి.

విభేదించే మిత్రులు నిరభ్యంతరంగా వ్యాఖ్యలు రాయండి. ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై దాటినవాడై ఉంటాడు, ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా ఇది వాడి కంటబడితే ఒక్క మాట: బాబూ, నువ్వు రాసింది తప్పు కాదు. నీ అర మార్కు నా దగ్గరే ఉండిపోయింది.